గడప దగ్గరి పాట

"అవ్వా, మెట్లు అటున్నయి!"

గడప దగ్గర నిలబడ్డ ముసలావిడను చూసి చంద్రమ్మ లోపలి నుంచే కేకేసింది.

విమానాశ్రయం తెరిచి మూడేళ్లయినా, శంషాబాద్ పక్కనున్న ఆ ఊరి మహిళా సంఘానికి ఈ బెడద తప్పలేదు. సంఘం డాబా మీద నుంచి విమానాలు లేవడం బాగా కనిపిస్తుందని కందుకూరు నుంచి కూడా జనం వచ్చేవారు.

ముసలావిడ మెట్ల వైపు వెళ్లలేదు. చేతిలోని వైరు బుట్ట కింద పెట్టింది. చెప్పులు విడిచింది. గడప బయటే నిలబడి, గొంతు సవరించుకుని, ఏదో పాట ఎత్తుకుంది.

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

"పాట తర్వాత పాడుదువుగని అవ్వా! విమానం పోతది, జల్ది ఎక్కు."

"విమానం చూడనీకి రాలే బిడ్డా, ఎక్కనీకి పోతున్న. జర టైముంటే గిటు వచ్చిన."

"ఎక్కనీకా! గీ బుట్టతోనా?" రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు గూడ కిటికీ కాడ సీటు చెప్పరాదే అవ్వా!"

ముసలావిడ కూడా వాళ్లతో కలిసి నవ్వేసింది.

సంఘం కార్యదర్శి సంతోషికి మాత్రం నవ్వు రాలేదు. పట్నం నుంచి ప్రేమలత మేడం వచ్చే వేళయింది. ఊరూరా పాత సంఘాల కాగితాలు, కబుర్లు సేకరించి భద్రం చేయడం ఆమె పని. పక్క ఊరి సంఘం ట్రంకుపెట్టె నిండా ఇచ్చిందట. తమ పెట్టె తెరిస్తే మట్టి రాలింది. తొలి రోజుల కాగితాలన్నీ చెదలు తినేశాయి. సంఘం ఎలా పుట్టిందో ఈ రోజు చెప్పలేకపోతే, ఇక ఎప్పటికీ చెప్పేవాళ్లుండరు.

"అవ్వా, ఇయ్యాల మా సంఘం ముచ్చట అడగనీకి పెద్ద మేడం వస్తున్నది. లోపల జాగ లేదు. పైన చాప ఉన్నది, మంచిగ కూసో."

మర్యాదగానే అంది సంతోషి. మజ్జిగ గ్లాసు కూడా చేతికిచ్చింది.

"సంఘం ముచ్చటనా?" ముసలావిడ ముఖం వెలిగింది. "ఏం అడుగుతదంట?"

"నీకెందుకే అవ్వా గా పరేషాన్?" అంది చంద్రమ్మ.

"నిజమేలే. మంచిగ చెప్పుండ్రి బిడ్డా," అంటూ ముసలావిడ మెల్లగా మెట్లెక్కింది.

ఆరాంఘర్ దగ్గర బండ్ల మధ్య చిక్కుకుని ప్రేమలత ఆలస్యంగా వచ్చింది. హడావిడిగా లోపలికి అడుగు పెట్టబోతే రేణుకమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఆగు మేడం! లేటుగ వస్తే గడప కాడ నిలబడి పాట పాడాలె. గప్పుడే లోపలికి."

"అయ్యో, నాకు తెలియదే!"

"బయటోళ్లకు ఎట్ల ఎరుకైతది? యాడ లేదు, మా సంఘంలనే ఉన్నది. సర్పంచొచ్చినా పాడాల్సిందే."

ప్రేమలత సిగ్గుపడుతూనే చిన్నప్పటి బడి పాట రెండు ముక్కలు పాడింది. చప్పట్లు మోగాయి.

తర్వాత ఆమె రికార్డరు బయటికి తీసింది. అంతటితో సందడి ఆగిపోయింది.

"సంఘం ఎవరు పెట్టారమ్మా?"

"ఎవరో టీచరమ్మంట. మేమెవ్వరం చూడలే," అంది చంద్రమ్మ.

"అప్పటి సభ్యులెవరూ లేరా?"

"కొందరు కాలం చేసిండ్రు. ఎయిర్‌పోర్టుకు భూములు పోయినంక కొందరు తలో దిక్కు పోయిండ్రు."

"కాగితాలు లేకపోయినా పర్వాలేదు. చూసినవాళ్లు ఒక్కరున్నా చాలు, చెప్పింది చెప్పినట్టు భద్రం చేస్తాం."

ఆ ఒక్కరి కోసం అందరూ బుర్రలు గోక్కున్నారు. ఈమె అత్తను అడుగుదామన్నారు, ఆమె పెద్దమ్మను అడుగుదామన్నారు. ఎవరూ ఆ రోజుల వాళ్లు కారు. నెత్తి మీద నుంచి విమానం పోయినప్పుడల్లా మాట ఆపి, అది పోయాక మళ్లీ మొదలుపెట్టారు.

చివరికి ప్రేమలత రికార్డరు ఆపేసింది. సంతోషికి ఏడుపొక్కటే తక్కువ.

"పోనీ, ఈ పాట పద్ధతైనా ఎవరు పెట్టారో తెలుసా?"

"గా టీచరమ్మనే," అంది చంద్రమ్మ. "గామె పేరు పోయింది, గామె పెట్టిన రివాజు మిగిలింది."

సంతోషి ఉలిక్కిపడింది.

బయటివాళ్లకు తెలియదు. మేడంకీ తెలియలేదు. చేయి అడ్డం పెట్టి ఆపాల్సి వచ్చింది.

ఇందాక అవ్వను ఎవరూ ఆపలేదు. తనంతట తానే గడప దగ్గర ఆగింది. ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది.

సంతోషి పరుగున మెట్లెక్కింది. వెనకే అందరూ.

డాబా మీద ఎవరూ లేరు. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. కడిగిన గ్లాసు దాని పక్కన బోర్లించి ఉంది.

"అవ్వ కోసమా అక్కా?" కింద ఆటో ఆపుతూ యాదయ్య అరిచాడు. "నేనే ఎయిర్‌పోర్టు కాడ దించిన. గంట దాటింది."

"నిజంగనే విమానం ఎక్కనీకి పోయిందా?" అంది రేణుకమ్మ.

"అవును మరి. పుణెల బిడ్డ దగ్గరికంట. టికెట్ జూపెట్టి ఠీవిగ లోపలికి పోయింది."

అంతలో ఒక విమానం లేచి డాబా మీదుగా సాగింది. అందులో ఎవరున్నారో తెలియకపోయినా, ఆడవాళ్లంతా చేతులూపారు.

చప్పుడు తగ్గాక సంతోషి గోడ మీద నుంచి వంగింది. "ఏమన్న చెప్పిందా యాదయ్యా?"

ప్రేమలత గబుక్కున రికార్డరు మళ్లీ నొక్కింది.

యాదయ్య నవ్వాడు.

"'లేటుగ వచ్చి, పాట పాడకుండనే పోతున్న. ఈసారి వచ్చినప్పుడు రెండు పాడుతనని సంఘపోళ్లకు చెప్పు, నేను పెట్టిన రివాజు నేనే తప్పితె ఎట్ల?' అన్నది అక్కా."