మన సరుకే

కృపానందం గారు నోరు విప్పడం లేదు. తుపాకుల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు పనిచేసిన మనిషి. ఆ ఫ్యాక్టరీ చరిత్ర రాయడానికి నేను ఎండలో పడి పటమట వస్తే, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

నాకు విసుగొచ్చింది. “మీ తుపాకుల గొప్పేమిటో అదైనా చెప్పండి సార్.”

ఆయన భార్య తెరేసమ్మ కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది.

“మోత వింటే చాలండీ, తమ ఫ్యాక్టరీదో కాదో చెప్పేసేవారు. జై ఆంధ్ర గొడవల్లో ఈ రోడ్డు చివర పోలీసు కాల్పులు జరిగితే, గుమ్మంలో నిలబడి విన్నారు. ‘మన సరుకే తెరేసా. ఒక్కటన్నా మొరాయించిందేమో చూడు’ అని మురిసిపోయారు.”

“ఇదేనమ్మా నాక్కావలసింది.” గబగబా పెన్ను తీశాను.

“అప్పటికి మా అబ్బాయిని ఇంకా ఇంటికి మోసుకురాలేదండీ” అంది తెరేసమ్మ.