అరుగు మీద జెండా

"ఇప్పుడు పడగొట్టండి సార్, చూస్తా!"

జేసీబీ బకెట్టు అరుగుకు జానెడు దూరంలో ఆగిపోయింది. కుట్టుమిషను పక్కన ఇనుప పైపు నిలబెట్టి, దానికి జెండా కట్టేసి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది కమలాక్షి. పైన కాషాయం, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ. తమిళనాడులోని గుడియాత్తంలో, గాలన్నదే లేని ఎండలో ఆ జెండా పైపును కరుచుకుని నిలువునా వేలాడుతోంది.

మునిసిపాలిటీ అధికారి ధనశేఖర్ జేసీబీ పక్కనుంచి ముందుకొచ్చాడు. వానలు మొదలయ్యేలోపు ఈ వీధి కాలవ మీది అరుగులన్నీ తీయించే పని అతనిది. పోయినేడాది కాలవ పూడిపోయి, మురికినీళ్లు పల్లపు ఇళ్లలోకి చొరబడ్డాయి. ఈసారి కూడా అలాగే అయితే మంచాలు తెచ్చి నీ ఆఫీసులోనే వేసుకుంటామని ఆ ఇళ్లవాళ్లు మొన్ననే చెప్పి వెళ్లారు.

"ఎన్నమ్మా ఇదు?" అని తమిళంలో అడిగాడు.

"జెండా సార్. కండ్లు కనపడలేదా?"

"తెలుగోళ్లా మీరు?"

"మీరు గూడా మనోళ్లేనా! అట్లయితే ఇంకా బాగా చెప్తా వినండి. ఈ అరుగు పోతే మిషను లోపల చీకట్లో పెట్టుకోవల్ల. సూదిలో దారం ఎట్ల ఎక్కిచ్చేది? నేను కుట్టేది జెండాలు సార్. ఒక్క కుట్టు వంకర పోయినా సరుకు వెనక్కి వచ్చేస్తాది."

"అంతా సరేమ్మా. ముందు దాన్ని తియ్యి."

"నేను తియ్యను. మీరే తియ్యండి. ఇంతమంది ముందర జెండా పీకేసినారని పేరు తెచ్చుకోండి."

అప్పటికే జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. జేసీబీ డ్రైవరు అంకప్ప ఇంజను ఆపి కిందికి దిగాడు. చెప్పులు పక్కన వదిలి, జెండా ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"ఏయ్, ఏం చేస్తా ఉండావు?" అని పళ్లు నూరాడు ధనశేఖర్.

"జెండా గదా సార్!" అన్నాడు అంకప్ప, చెయ్యి దించకుండానే.

ఇప్పుడు అందరి కళ్లూ ధనశేఖర్ చెయ్యి మీదే ఉన్నాయి. గత్యంతరం లేక అతనూ సెల్యూట్ చేశాడు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. వచ్చిన దారినే జేసీబీ వెనక్కి వెళ్లిపోయింది.

ఇంటికి చేరేసరికి భార్య సురేఖ ఫోను చూసుకుంటూ నవ్వుతోంది. "సెల్యూట్ బాగా కొట్టినారు. మా చెల్లెలు గూడా పంపింది," అంది. ధనశేఖర్ కాఫీ కూడా తాగకుండా జెండా నియమాలు వెతుక్కుని చదవడానికి కూర్చున్నాడు.

మర్నాడు అంకప్పనూ జేసీబీనీ వెంటబెట్టుకుని వీధి మలుపు తిరగగానే అతని కాళ్లు ఆగిపోయాయి. రాజమాణిక్యం కిరాణా కొట్టు ముందు ఒక జెండా. టీ బంకు ముందు ఒకటి. ఇస్త్రీ చేసేచోట ఒకటి. కాలవ పొడుగునా ఏ అరుగు చూసినా జెండానే. అన్నీ కమలాక్షి ఇచ్చినవే. ఆమె తన అరుగు మీద కూర్చుని, మహారాణిలా మిషను తొక్కుతోంది.

కానీ ధనశేఖర్ ఈసారి వెనక్కి తగ్గేలా రాలేదు. వీధి నడిమధ్యలో నిలబడి గొంతెత్తాడు.

"అందరూ వినండి! జెండాను అవమానిస్తే మూడేండ్ల దాకా జైలు. మురిక్కాలవ మీద కట్టిన అరుగు కాపాడుకునేదానికి దాన్ని అడ్డం పెట్టేది అవమానం గాకుంటే ఏంది? ఎవురెవురు కట్టినారో వచ్చి వరసగా పేర్లు చెప్పండి. పోలీసులు దావలో ఉండారు."

టీ బంకులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. అందరికంటే ముందు రాజమాణిక్యం చేతులు జోడించాడు. "నాకేం తెలీదు సామీ. కమలాక్షమ్మ ఇచ్చింది, నేను కట్టినాను."

"మాకూ ఆయమ్మే ఇచ్చింది!" అన్నారు మిగతావాళ్లు.

కమలాక్షి మొహం పాలిపోయింది. అయితే అది ఒక్క క్షణమే. గబగబా లేచి వెళ్లి, జెండా కొస పట్టుకుని బారుగా లాగింది.

"సార్, ఇట్ల వచ్చి చూడండి."

తెల్ల పట్టీ నడుమ నీలం చక్రం ఉండాల్సిన చోట నారింజపండు లాంటి గుండ్రటి మచ్చ కనిపించింది.

"చక్రం యాడ?" అన్నాడు ధనశేఖర్, తెల్లబోయి.

"యాడుంటాది సార్? ఇది మన జెండా గాదు. ఆఫ్రికాలో నైజర్ అని ఒక దేశం ఉండాది, వాళ్లది. మద్రాసు కంపెనీకి కుట్టింటే మిగిలిపోయినాయి. మన జెండాను నా అరుగుకు అడ్డం పెడతానా నేను? దాన్ని కుట్టి అన్నం తినేదాన్ని! ఇంగ యాడ అవమానం, యాడ జైలు?"

వీధంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. ఎవరో ఈల కూడా వేశారు. నిన్నటి సెల్యూట్ గుర్తొచ్చి ధనశేఖర్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అరుగులన్నీ ఒకసారి కలియజూశాడు.

"ఈ వరసలో ఒక్కటి గూడా మన జెండా లేదంటారా?"

"దేవుడి తోడు సార్, ఒక్కటి గూడా లేదు!" అంది వీధి మొత్తం ఒకే గొంతుతో.

"అట్లయితే మర్యాదగా మడిచి లోపల పెట్టుకోండమ్మా, అది గూడా ఒక దేశం జెండానే గదా," అని ధనశేఖర్ వెనక్కి తిరిగాడు. "అంకప్పా, బండి స్టార్ట్ చెయ్యి!"