ఆఖరి పేరు

పలాసలో మా రొట్టెల బట్టీ ముందు మా ఆఖరి తమ్ముడు యువరాజు పిండి బస్తాకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కాళ్లు బాగా వాచాయి. రెండు కిడ్నీలూ చెడిపోయాయనీ, రేపే విశాఖ ఆసుపత్రిలో చేరాలనీ డాక్టరు చెప్పాడు.

డబ్బాల్లో పిండి పొంగి అంచులు దాటుతోంది. ఇక ఆగేందుకు లేదు. సరుగుడు నిప్పులు నేనే బయటికి లాగేశాను. లోపలి ఇటుకల నేలను తడి గోనెతో తుడిచాను.

"వేడి సరిపోయిందో లేదో ఎలా తెలుత్తాదిరా?"

"సెయ్యి లోపలెట్టి, పెద్దదానివి నీ కాడ్నించి మన అయిదుగురి పేర్లూ నిదానంగా సెప్పుకో అప్పా. నాలుగో పేరుకి సెయ్యి లాగేత్తే బట్టీ కాలినట్టు. ఆఖర్న నా పేరు దాకా ఉంచగలిగితే రొట్టి పచ్చే."

రోజూ బట్టీలో చెయ్యిపెట్టి వాడు పెదవులు కదుపుతుంటే, దేవుణ్ణి తలుచుకుంటున్నాడని సంతోషపడేదాన్ని.

"అయితే నీ పేరు ఏ రోజూ తలవనేలేదా?"

"తలిత్తే బేకరీ మూసుకోడమే," అని నవ్వబోయి ఆయాసపడ్డాడు.

చెయ్యి లోపల పెట్టి నా పేరుతో మొదలుపెట్టాను. మూడో పేరుకి చర్మం చురుక్కుమంది. నాలుగో పేరుకి వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది.

"కాలిపోయింది, సాలు! సెయ్యి తీసీ అప్పా!"

తీయలేదు. వాడి పేరు కూడా నిదానంగా, పూర్తిగా పలికాను. అప్పుడు తీశాను.

"నీకేటైనా పిచ్చెక్కిందేటి?" బొబ్బలు చూసి వాడు ఏడ్చేశాడు.

ఎడమ చేత్తోనే డబ్బాలన్నీ లోపలికి తోసి తలుపు మూశాను.

వాడి పేరు తలిచిన రోజు కూడా రొట్టె ఎర్రగా కాలింది.