పాత సాహెబు మెయిళ్లు

కంప్యూటర్ మళ్లీ అదే మాట చెప్పింది. ఈ ఫైలు తెరవడం కుదరదట.

భానుప్రియ కళ్లజోడు తీసి బల్లమీద పడేసింది.

పాత సాహెబు తన మెయిళ్లన్నీ ఒక్క ఫైలుగా మూటగట్టి, సీడీలో పెట్టి బదిలీ మీద పోయాడు. ఆ మూటని కొత్త మిషన్లోకి దింపమని నాలుగు రోజులుగా ఆమె ప్రాణం తోడేస్తున్నారు.

ఎదురుగా బెంచీ మీద చంద్రమౌళి. ఆయనా నాలుగు రోజులుగా అక్కడే.

"ఏటమ్మా, తెరుచుకున్నాదా?"

"తెరుచుకుంటే నేనే కేకేస్తాను కదండీ!"

ఆయన ఈ ఆఫీసులోనే గుమాస్తాగా చేసి, ఆమె ఇక్కడికి రాకముందే రిటైరైనవాడు. సాహెబుని దాటి పైకి ఏదో కాగితం పంపాడని సర్వీసు బుక్కులో ఎర్రసిరాతో రాశారు. ప్రమోషను పోయింది. సాహెబే పంపమన్నాడంటాడు ఆయన. ఆ మెయిలు ఈ మూటలో ఉందట. చచ్చేలోగా దాన్ని చూపించి మచ్చ తుడిపించుకోవాలని అర్జీ పెట్టుకున్నాడు.

"సీడీలోంచి దింపిన ఫైలుకి 'రీడ్ ఓన్లీ' టిక్కు అలాగే ఉండిపోతాది తల్లీ. అది తీసి సూడు."

"కంప్యూటర్ ఇంజినీరే చేతులెత్తేశాడు. ఇక మీరొకరు తక్కువయ్యారు!"

ఆయన నవ్వేసి గ్లాసులో నీళ్లు వంచుకున్నాడు.

"కోప్పడకమ్మా. ఇంతకీ ఎవులమ్మాయివి?"

రైల్వే కాలనీ ముసలాళ్లకి ఆ ప్రశ్న అడగందే పొద్దుపోదు.

"గ్యాంగ్‌మేన్ పోలయ్య కూతుర్ని. నాన్న ట్రాక్ మీద పోతే నాకీ ఉద్యోగమిచ్చారు. చాలా?"

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆయన ఆమెను చూశాడు. మెడలో ఐడీ కార్డు. టిఫిన్ డబ్బా. బల్లమీద ఫొటోలో ఇద్దరు పిల్లలు.

"సదువుకుంటన్నారా?"

"ఆఁ. సర్కండా బడిలో."

"అచ్ఛా..." అన్నాడు. గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "ఓ తెల్ల కాగితం ఇయ్యమ్మా. నా అర్జీ ఎనక్కి తీసుకుంటాను."

"నాలుగు రోజులు నన్ను చంపుకుతిని, ఇప్పుడా?"

"పాతవి తవ్వితే ఏటేటి కదుల్తాయో! నాదేటుంది, ఆ ఎర్రగీతతోనే పోతాను."

సంతకం పెట్టి, మూడున్నర బండికి ఊరెళ్లిపోయాడు.

పీడ విరగడైందని భానుప్రియ ఆ కాగితం లోపలికి పంపింది. కొత్త సాహెబు చదవకుండానే సంతకం కొట్టి కేసు మూసేశాడు.

సీడీ పని మాత్రం అలాగే మిగిలింది. ఐదు గంటలకి, ఇంక ఏమీ తోచక, విసుగ్గా ముసలాయన చెప్పిన టిక్కు తీసింది.

ఫైలు తెరుచుకుంది.

ఆయన పేరు కొట్టి వెతికింది. "సరే, నేరుగా పైకి పంపు" అని సాహెబు ఇచ్చిన జవాబు నిజంగానే ఉంది.

దాని కింద చంద్రమౌళి రాసిన మెయిలు: "అయ్యా, ట్రాక్ మీద పోయిన పోలయ్య కేసుకి రేపటితో గడువు తీరిపోతుంది, కూతురు భానుప్రియకి ఈ ఉద్యోగం తప్ప దిక్కులేదు, మీరు సరేనంటే కాగితం నేనే నేరుగా పైకి పంపుతాను, తర్వాత ఏమొచ్చినా నేను పడతాను."