పదకొండో అడుగు

రాజు వేషం వేస్తే ఆయనే వెయ్యాలి. ఆ మాట అందరికంటే ముందు ఆయనే అనేవాడు.

ఆ రాత్రి ఖాళీ హాల్లో ఒక్కడే ఆఖరి రంగం సాధన చేస్తున్నాడు. మంత్రి మాట పెడచెవిన పెట్టి రాజ్యం పోగొట్టుకున్న రాజు, వెనక్కి చూడకుండా పదకొండు అడుగులు వెనక్కి నడిచి స్టేజీ అంచున ఆగాలి. ఆ అంచు దాటితే వాయిద్యాల వాళ్లు కూర్చునే లోతైన గొయ్యి.

ఇరవై ఏళ్లుగా లెక్క తప్పలేదు. అయినా మాటలు అందించే ప్రాంప్టరుగా ఉన్న బావమరిది తెరచాటు నుంచి రోజూ సరిగ్గా పదకొండో అడుగు పడగానే "ఆగు బావా, చాలు" అనేవాడు.

"నాకే అడుగులు నేర్పుతావురా?" అని ఒకరోజు అందరి ముందూ చెడామడా తిట్టి పంపేశాడు. ఆర్నెల్లకు బావమరిది పోయాడు. ఈయన కడసారి చూపుకైనా వెళ్లలేదు.

ఎనిమిది. తొమ్మిది. పది.

తెరచాటున ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"ఆగు బావా, చాలు."

హాలంతా చడీచప్పుడూ లేదు. ఇంకో అడుగు ఉంది కదా!

ఆయన మీసం దువ్వాడు.

"చచ్చినా నీ బుద్ధి మారలేదురా," అన్నాడు. "నా లెక్క నాకు తెలుసు."

ఛాతీ విరుచుకుని, వెనక్కి చూడకుండా, పదకొండో అడుగు వేశాడు.

చెక్క ఇంకా పాదానికి తగల్లేదు.