టికెట్టు మీద శోభ

పేరు శోభ. భర్త దశరథం. వయసు ఇరవై తొమ్మిది. ఊరు జల్‌పల్లి.

లైనులో నిలబడి శ్రీలత ఈ నాలుగు ముక్కలూ మళ్లీ మళ్లీ నెమరు వేసుకుంటోంది. ఆమె వయసు ఇరవై మూడు. పెళ్లి కాలేదు. ఊరు మంఖాల్.

ముందు ఇంకా ఏడుగురున్నారు. గేటు దగ్గర పచ్చ సెక్యూరిటీ జాకెట్టు వేసుకున్న ఒకామె టికెట్టును మెషీన్‌తో చూస్తోంది, పేరు అడుగుతోంది, ఆధార్ కార్డు చూసి లోపలికి పంపుతోంది. పక్కనే కుర్చీలో ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు.

ప్రతి ఒక్కరి కార్డూ చూస్తారని శ్రీలతకు ముందే తెలిసి ఉంటే ఇంట్లోంచి కదిలేదే కాదు.

మూడు వారాల కిందట, ఆదివారం పదకొండింటికి ఈ క్రికెట్ మ్యాచ్ టికెట్లు ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టారు. శ్రీలత, చెల్లెలు సంతోషి రెండు ఫోన్లు పట్టుకుని పది నుంచే కూర్చున్నారు. సీటు ఎంచుకునేలోపు అయిపోయాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పదకొండేళ్ల సంతోషి ఆ పూట అన్నం ముట్టలేదు.

"మనుషులు కొనలేదు అవి," అన్నాడు పక్కింటి నవీన్‌కుమార్. కంప్యూటర్ కోర్సు చదివాడు కాబట్టి అడక్కపోయినా చెబుతాడు. "మిషిన్లు కొన్నయి. నువ్వు ఒక పేరు కొట్టేలోపల అది వెయ్యి పేర్లు కొడతది. మనిషికి రెండే టికెట్లని రూలు పెట్టిన్రు గద, అందుకే దానికి మస్తు పేర్లు కావాలె. కొన్నంక మనకే ఎక్కువకు అమ్ముతరు."

వాడు చెప్పినట్టే జరిగింది. అరగంటలో ఎవరో ఫోన్లో మెసేజ్ పెట్టారు. రెండు టికెట్లు, నాలుగింతల ధర. చెల్లెలి మొహం చూసి శ్రీలత కొనేసింది. టికెట్లతో పాటు ఈ నాలుగు ముక్కలూ పంపించారు. ఎవరైనా అడిగితే కార్డు ఇంట్లో మరిచిపోయానని చెప్పి, ఇవి అప్పజెప్పమన్నారు.

పోనీ, వెనక్కి వెళ్లిపోదామంటే కుదరదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు వేరే లైను పెట్టారు. వాళ్లకు కార్డు అక్కర్లేదు. సంతోషి ఎప్పుడో లోపలికి వెళ్లిపోయింది. కంచె పట్టుకుని నిలబడి, అక్క కోసం చెయ్యి ఊపుతోంది. పిల్ల వెనకాల వేల మంది జనం.

ముందున్న కుర్రాడి దగ్గర లైను ఆగింది. టికెట్టు మీద ఒక పేరు, కార్డు మీద ఇంకో పేరు. కానిస్టేబుల్ లేచి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"స్టేషన్‌కు పోయి మాట్లాడుకుందాం పా."

శ్రీలతకు విమానాశ్రయంలో ఉద్యోగం దొరికి నెల కూడా కాలేదు. లోపలికి వెళ్లే పాసు కోసం పోలీసు వెరిఫికేషన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్క కేసు పడితే పాసు రాదు, పాసు లేకపోతే ఉద్యోగం లేదు. ఆ కుర్రాణ్ని జీపు ఎక్కించి కానిస్టేబుల్ మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆమె వంతు.

జాకెట్టామె మెషీన్ పెట్టింది. దాని మీద పేరు చూసింది. శ్రీలత మొహం చూసింది. మళ్లీ మెషీన్ చూసింది.

"పేరు?"

"శోభ."

"కార్డేది?"

"ఇంట్ల మర్చిపోయిన అక్కా."

"మీ ఇంటాయన పేరేంది?"

"దశరథం."

"ఏ ఊరు?"

"జల్‌పల్లి."

అందరినీ ఇన్ని అడగలేదు. దొరికిపోయానని శ్రీలతకు అర్థమైంది. జాకెట్టామె చూపు తిప్పడం లేదు.

"మీ ఆయన ఏం పని చేస్తడు?"

ఆ ముక్క మెసేజ్‌లో లేదు.

"ఆటో నడుపుతడు."

"పిల్లలెందరు?"

"ఇద్దరు," అంది శ్రీలత. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

జాకెట్టామె మెషీన్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుంది. అది కోపమే అనుకుంది శ్రీలత. వెనక జనం గోల పెడుతున్నారు. కానిస్టేబుల్ తల తిప్పాడు.

"ఏందమ్మా, ఎందుకాగింది?"

"ఏం లేదు సార్. కార్డు చూస్తున్న," అంది జాకెట్టామె.

చేతిలో కార్డే లేదు. శ్రీలతకు ఇక దాచే శక్తి లేకపోయింది. కన్నీళ్లు వచ్చేశాయి.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. నేను శోభను గాను. ఆమె ఎవరో గూడ నాకు తెల్వది. ఫోన్ల మెసేజొస్తే కొన్న. మా చెల్లె లోపల ఒక్కతే ఉన్నది, సూడు. పోలీసులకు చెప్పకు. చెప్తే నా నౌకరీ పోతది."

జాకెట్టామె కంచె వైపు చూసింది. అక్కడ సంతోషి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. ఆమె మెషీన్ మీద మీట నొక్కింది. పచ్చ లైటు వెలిగింది.

"పో. పిల్ల బెదురుతది."

శ్రీలత నమ్మలేకపోయింది. ఒక అడుగు వేసిందో లేదో, జాకెట్టామె ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మంచుగడ్డలా చల్లగా ఉంది. కానిస్టేబుల్‌కు వినబడకుండా దగ్గరికి వంగింది.

"ఈ పేరు ఇగ యాడ చెప్పకు చెల్లె, పనిల పెట్టుకుంటనని మా కాంట్రాక్టర్ అందరి ఆధార్ కార్డులు తీస్కపోయిండు, వాటి మీదనే ఈ టికెట్లు కొన్నట్టున్నడు, ఆ జల్‌పల్లి దశరథం భార్య శోభను నేనే."