రాకపోయినా పని ఆగదు

"తలనొప్పి తగ్గిందా?"

వసుంధర ముందున్న కంప్యూటర్‌లో, పలకల సరుకు వివరాల కింద ఆ మాట వెలిగింది. ఆమె ఇంట్లో మరిచిన కళ్లద్దాలు ఇవ్వడానికి, ఆమె పనిచేసే మార్కాపురం పలకల దుకాణానికి వచ్చిన జగన్నాథం అక్కడే ఆగిపోయాడు. భార్యకు తలనొప్పి అన్న సంగతి అతనికి తెలియదు.

"ఎవడు అడిగేది?"

"ఎవరూ కాదు. గిద్దలూరు గోదాములో ఉండే సర్వర్. దీన్ని నోటీసు అంటారు."

"మిషనుకు నీ తలనొప్పి ఎట్ల తెలిసింది?"

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని తెర వైపు తిరిగింది. "సరుకుందా అని నేనడిగితే అది ఉందనో లేదనో చెప్పి తీరాల. అయిపోయింది, ఇంకోటి అడుగు అని కూడా చెప్పాల. ఆ మాట రాకుంటే నా కంప్యూటర్ కదలదు. నోటీసు అట్ల కాదు. రాకపోయినా పని ఆగదు."

"ఆగనప్పుడు పంపేదెందుకు?"

"పంపబుద్ధయి."

జగన్నాథానికి ఒళ్లు మండింది. ఏడో తరగతిలో బడి మానేసి రాయి కొట్టుకుంటూ బతికినవాడు. ఇంట్లో అన్నం పెట్టు, తలుపెయ్ అనడం తప్ప వేరే మాట రాదు. గోదాములో కంప్యూటర్లు చూసే వీరాంజనేయులు డిగ్రీ చదివినవాడు, పైగా పెళ్లి కాలేదు.

"గిద్దలూరు పోయి వాణ్ణే అడుగుతా. వాడి పనే అని తేలితే రేపట్నుంచి నువ్వు ఇల్లు కదిలేది లేదు."

వసుంధర మొహం పాలిపోయింది. "పోవాకు. నా పరువు పోతది."

ఆ భయం చూశాక అతనికి ఇంకేం అనుమానం మిగల్లేదు. దొరికిన బస్సెక్కాడు.

వీరాంజనేయులు పలకల పెట్టెల మధ్య కూర్చుని ఉప్మా తింటున్నాడు.

"నా పెండ్లానికి తలనొప్పైతే నీకెందుకురా?"

"నాకెందుకన్నా, కూర్చో."

"పాత నోటీసులు చూపియ్."

వీరాంజనేయులు చెయ్యి కడుక్కొని చూపించాడు. పొద్దున తిన్నావా. ఆకుపచ్చ చీర నీకు బాగుంది. నిన్నటి పులుసు చానా బాగుండె. ఒక్కో మాట చదివేకొద్దీ జగన్నాథం చెవులు ఎర్రబడ్డాయి. నిన్న ఆ పులుసు తిన్నది తనొక్కడే. వీరాంజనేయులు చొక్కా పట్టుకున్నాడు.

"నా ఇంటికొచ్చి తిన్నావంట్రా?"

"నేను మీ గడప కూడా తొక్కలేదన్నా. ఎవరైనా ముందే రాసి పెడితే, చెప్పిన టైముకు సర్వర్ పంపుతది. అంతే."

"ఆ రాసేదెవడు?"

వీరాంజనేయులు తల వంచుకున్నాడు. "చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది."

"చెప్పు."

"రోజూ పొద్దున వదినే రాసుకుంటదన్నా."